జవాబులు తుడిచేసిన క్యాసెట్

నిరుడు రిటైరయ్యాను. అప్పటి నుంచి జర్నలిజం చదువుకునే పిల్లలు ఎవరో ఒకరు జనగామలోని మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, మెల్లగా అసలు సంగతి అడుగుతుంటారు. "అక్కా, పాటలు ఇని రాసుడు గూడ ఒక నౌకరేనా?" నౌకరే బిడ్డా. కాకపోతే కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని తల ఊపే నౌకరీ అనుకుంటే మాత్రం ఇప్పుడే వేరే బస్సు ఎక్కండి.

మా దినపత్రిక జిల్లా పేజీల్లో వారం వారం ఒక మూల నాది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చుట్టుపక్కల విడుదలయ్యే కొత్త ఆల్బమ్‌ల మీద, ముస్తాబై మళ్లీ వచ్చే పాత ఆల్బమ్‌ల మీద మంచీ చెడూ రాయాలి. మొదట్లో క్యాసెట్లు వచ్చేవి, తర్వాత సీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు. ఇప్పుడు పొద్దున ఫోన్‌కు ఒక లింకు వస్తుంది, అన్నం తినేలోపు "ఇన్నవా అక్కా?" అని మెసేజ్ వస్తుంది. బతుకమ్మ పాటలు, జాతర పాటలు, క్రిస్మస్ గీతాలు, ఖవ్వాలీలు, బరాత్‌లో ఇంటి రేకులు ఊగించే డీజే పాటలు, అన్నీ నా చెవుల మీదుగానే పోయాయి. ప్రమోషన్ల గురించి రాయను. ఒకటో రెండో వచ్చాయి గానీ, వాటివల్ల నాకు పాట ఇంకా బాగా వినబడిందేమీ లేదు.

బల్ల కింది అట్టపెట్టె

నేను ప్రూఫ్ రీడరుగా చేరాను. మా డెస్కు ఇన్‌చార్జి కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. అందరం పెద్దసారు అనేవాళ్లం. రాజకీయాలు మగవాళ్లకు ఇచ్చారు, నేరాలు మగవాళ్లకు ఇచ్చారు, సినిమాలు హైదరాబాద్ వాళ్లు పట్టుకుపోయారు. ఇక బల్ల కింద సమీక్షల కోసం వచ్చిన క్యాసెట్ల అట్టపెట్టె ఒకటి మిగిలింది. అందులో అప్పటికే ఎలుకలు కాపురం పెట్టాయి.

"రాజేశ్వరి గారూ, ఇవి మీరు తీసుకోండి. ఇంట్లో వంట చేసుకుంటూ వినేయొచ్చు కదండీ" అన్నారు పెద్దసారు.

నాకు ఒళ్లు మండింది. పెట్టె తీసుకుని ఇంటికి పోయి, పంతం కొద్దీ నిజంగానే వంట చేస్తూ విన్నాను. అప్పుడు తెలిసింది, ఆయన అవమానించబోయి పొరపాటున నిజం చెప్పారని. మన దిక్కు పాట వినేవాళ్లలో చేతులు ఖాళీగా పెట్టుకుని వినేవాళ్లు ఎంతమంది? నాటు వేస్తూ వింటారు, బీడీలు చుడుతూ వింటారు, లారీ తోలుతూ వింటారు. చేతిలో పని ఆగకుండా చెవిని పట్టుకున్నదే పాట. ఆ లెక్క నాకు చివరిదాకా పనికొచ్చింది.

నాకంటే ముందు ఆ పెట్టెలోవి సమీక్షించినవాడు అసలు వినేవాడే కాదు. అట్ట మీది బొమ్మ చూసేవాడు, గాయకుడి పేరు చూసేవాడు, ఆబాలగోపాలాన్నీ అలరిస్తుందని రాసేవాడు. ఒకసారి ఎవరో భజన గాయకుడు తొందరలో ఖాళీ క్యాసెట్ పంపాడు. మనవాడు దాని మీద కూడా "గాత్రంలో ప్రశాంతత ఉట్టిపడింది" అని రాసేశాడు. గాయకుడు పరేషానై అసలు క్యాసెట్ పట్టుకుని ఆఫీసుకు ఉరికొచ్చాడు. ఆ అసలుది నేను విన్నాను. చెప్పకూడదు గానీ, ఖాళీ క్యాసెట్టే నయం.

నవ్వుకోండి గానీ, పిల్లలూ, వినకుండా రాసే రోగం మీకూ వస్తుంది. వారానికి పదిహేను ఆల్బమ్‌లు వచ్చిపడినప్పుడు వస్తుంది. దానికి మందు ఒకటే. వినని వారం ఏమీ రాయకండి. ఆ మూల ఖాళీగా పోతే ఏ ప్రకటనో పెట్టుకుంటారు, ఎవరూ ఏడవరు.

కిటికీ కింద బ్యాండు

"విమర్శ అంటే పెళ్లి భోజనం లాంటిదండీ" అనేవారు పెద్దసారు. "కూరలో ఉప్పు లేకపోయినా బయటికొచ్చి చెప్పుకోవాలి. పందిట్లో చెప్పకూడదు." నేను పందిట్లోనే, అదీ వంటవాడి మొహం మీదే చెప్పే రకం. ఇద్దరికీ పొసగేది కాదు. అయినా ఆయన నా రాతలు కోసేవారు కాదు. ఒక నిట్టూర్పు విడిచి పంపేసేవారు. ఆ నిట్టూర్పుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మహబూబాబాద్‌లో ఒక పెళ్లి బ్యాండు వాళ్లు తమ పాటలతో ఆల్బమ్ వేశారు. వాయిద్యం హుషారుగా ఉంది గానీ, క్లారినెట్ డోలు కోసం ఆగకుండా ముందు పడుతోంది. "గుర్రం రాకముందే పెళ్లికొడుకు పీటల మీదికి ఉరికినట్టుంది" అని రాశాను. మూడో రోజు మా ఆఫీసు కిటికీ కింద మొత్తం బ్యాండు దిగింది. ఎర్ర కోట్లు, టోపీలు, అన్నీ. పెద్దసారు కిటికీలు మూయించారు. వాళ్లు ఇంకా గట్టిగా వాయించారు. చివరికి నేనే కిందికి దిగాను.

బ్యాండు మాస్టరు చెయ్యెత్తి ఆపించి, "ఇప్పుడు చెప్పు మేడం, ఎవరు ముందువడుతాండ్రు?" అన్నాడు.

"ఇప్పుడు కూడా క్లారినెట్టే" అన్నాను.

ఆయన నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నాకు ఎర్కలేదా మేడం? వాడు మా బామ్మర్ది. ఏమన్న అంటే ఇంట్ల బువ్వ పుట్టది."

ఆ రోజు నేర్చుకున్నది నా పుస్తకాలేవీ నేర్పలేదు. పెద్ద పట్నాల్లో సమీక్ష రాసేవాడు గాయకుణ్ణి మళ్లీ చూడనక్కర్లేదు. మనం మాత్రం రేపు బస్టాండులో కలుస్తాం, ఎల్లుండి ఎవరి పెళ్లిలోనో పక్కపక్కన కూర్చుని తింటాం. అందుకని మెత్తగా రాయమని కాదు. కళ్లలోకి చూసి మళ్లీ చెప్పగలిగిందే రాయమని.

కేసముద్రం యార్డు

నాకు ఒక అలవాటు ఉండేది. ఏ పాటైనా ఒకసారి నా ఇంట్లో, ఒకసారి అది చేరాల్సిన చోట వినేదాన్ని. పల్లె జనానికి చేరాలనుకున్న ఆల్బమ్ అయితే కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయేదాన్ని. అక్కడ ధాన్యంతో, పత్తితో ట్రాక్టర్లు వంతు కోసం నిలబడి ఉంటాయి. డ్రైవర్లకు చేయడానికి పనేమీ ఉండదు, పాట తప్ప. జహంగీర్ అని ఒక డ్రైవర్ నాకు దోస్తు. నా పెన్‌డ్రైవ్ తీసుకుని ట్రాక్టరుకు పెట్టేవాడు. వాడు పాటను దాటేయడానికి ఎంతసేపు పట్టిందో చూసేదాన్ని. నర్మెట్టలో ఎరువుల దుకాణం నడిపే ఒకాయన తన మీద తానే రాయించుకుని పాడుకున్న ఆల్బమ్ ఇస్తే, మొదటి చరణం కాకముందే జహంగీర్ వేలు లేచింది. "మాఫ్ జెయ్ అక్కా, గీయన పాడుతాంటే యూరియా వాసనొస్తాంది" అన్నాడు. అది అలాగే రాయాలని చాలా అనిపించింది. పెద్దసారు నిట్టూర్పు గుర్తొచ్చి మానుకున్నాను.

నా ఉద్యోగంలో నేను గట్టిగా చెప్పుకోదగ్గ సంగతి కూడా ఆ యార్డులోనే మొదలైంది. రిటైర్మెంటుకు కొద్దిగా ముందు. భూపాలపల్లిలో టిప్పర్లు తిప్పే ఒక సేఠు, చిన్నప్పుడు విన్న శారద కథ మీద ప్రేమతో ఒక పాత క్యాసెట్‌ను బాగుచేయించి మళ్లీ విడుదల చేస్తున్నాడు. శారద కథ చూడనివాళ్లకు ఒక ముక్క చెబుతాను. కథకుడు తంబుర భుజాన పెట్టుకుని కథ నడుపుతాడు. పక్కన ఆడమనిషి డక్కీ అనే చిన్న డోలు వాయిస్తూ వంత పాడుతుంది, నడుమ నడుమ అతని మాటకు మాట అందిస్తుంది. ఈ క్యాసెట్‌లో కథకుడు ఓదెలు. కాలం చేసి చాలా ఏళ్లయింది.

ఇంట్లో విన్నాను. గొంతు కడిగిన గాజుగ్లాసంత తేటగా ఉంది. కానీ ఏదో వెలితి. ఓదెలు ఒక మాట అంటాడు, ఆగుతాడు. మళ్లీ అంటాడు, మళ్లీ ఆగుతాడు. పెన్‌డ్రైవ్ పట్టుకుని యార్డుకు పోయాను. జహంగీర్ కాసేపు విని నా మొహం చూశాడు.

"అక్కా, ఈయన ఎవరితోని మాట్లాడుతాండు? పక్క సీట్ల ఎవడో ఫోన్ మాట్లాడుతాంటే ఇన్నట్టుంది. అవుతలోళ్లు ఏమన్నరో తెలుస్తలేదు."

అప్పుడు వెలిగింది. అవతలి మనిషిని తుడిచేశారు.

యాకమ్మ మాట

ఆ అవతలి మనిషి ఓదెలు భార్య యాకమ్మ. కేసముద్రానికి దగ్గరి ఊళ్లోనే ఉందని జహంగీర్ చెప్పి, ట్రాక్టరు వంతు ఇంకొకడికి అప్పజెప్పి, నన్ను బండి మీద తీసుకుపోయాడు. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఫోనులో కథ పెట్టి చేతికిచ్చాను.

ఓదెలు గొంతు వినగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిదే గొంతు. గిదే పొగరు." కథలో రాణి అలిగి పడుకుందని చెప్పి ఓదెలు ఆగాడు. ఆమె నోరు తెరిచింది. ఫోనులో ఏమీ రాలేదు. ఓదెలు ముందుకు పోయాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ ఏమీ లేదు.

"నా మాటలేవి బిడ్డా?"

"తీసేసిండ్రవ్వా. పాత క్యాసెట్‌ల సప్పుడనుకున్నరు."

ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత చెప్పిన సంగతి విని నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది, కానీ ఇద్దరి నవ్వూ ఒకటి కాదు. ఇంట్లో ఓదెలుకు ఎదురు మాట్లాడే వీలు ఆమెకు ఉండేది కాదు. కథ చెప్పేటప్పుడు మాత్రం మాటకు మాట అందించడం ఆమె పని. అందుకని ఇంటి లొల్లి అంతా అక్కడ తీర్చుకునేది. అతడు "రాణి అలిగి పండుకున్నదీ" అంటే, ఈమె "ఊకెనే అలిగిందా? రాజు ఏమన్నడో గది గూడ చెప్పు" అనేది. అతడు "రాజు అడవికి పాయె" అంటే, "ఔ మల్ల, ఇంట్ల ఉప్పు లేదంటే మగోళ్లకు అడివే యాదికొస్తది" అనేది. ఆడవాళ్లంతా పక్కున నవ్వేవాళ్లు. ఓదెలు ఏమనగలడు? ఊరంతా వింటోంది, అది కథ. పళ్లు బిగించి తంబుర గట్టిగా మీటేవాడు.

"ఇంట్ల అన్ని దినాలు ఆయనదే మాట" అంది యాకమ్మ. "నేను నోరిప్పింది కథలనే. గవ్వి గూడ తీసేస్తే, ఇగ నేను పుట్టి ఏం మాట్లాడనట్టే గదనే. ఆయన సచ్చి గూడ గెలిచిండు."

పాటల మీద రాసిన ఇన్నేళ్లలో ఎన్నో ఆల్బమ్‌ల మీద కోపం వచ్చింది. ఒక మనిషి పక్షాన కోపం రావడం అదే మొదటిసారి.

పొగడ్త

ఆఫీసుకు వచ్చేసరికి, ఎప్పుడో రిటైరైనా యాజమాన్యం వదలక ఇంకా డెస్కులోనే ఉన్న పెద్దసారు నా కోసమే చూస్తున్నారు. "సేఠు గారు విడుదల రోజు పూర్తి పేజీ ప్రకటన ఇస్తున్నారండీ. ఈ ఒక్కసారికి పందిట్లో ఉప్పు సంగతి ఎత్తకండి." ఉద్యోగానికి ఆఖరి నెలలు. ఎదురు చెబితే సమీక్ష ఆగిపోతుంది, అంతే. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు మొహం పెట్టి, "ఒక్క చెడ్డ మాట కూడా రాయను సార్" అన్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. ఇలా రాశాను:

"ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే గొప్పగా ఉన్నది నిశ్శబ్దం. కథకుడు భార్యను ఒక మాట అడుగుతాడు. ఆమె జవాబు కోసం ఆగుతాడు. ఆమె ఏమీ అనదు. అయినా విసుక్కోకుండా మళ్లీ అడుగుతాడు. ఇంత ఓపిక గల భర్తను, ఇంత నోరు లేని భార్యను మా మూడు జిల్లాల్లో ఎవరూ చూసి ఉండరు. ఓదెలు, యాకమ్మల కథ ఒక్కసారైనా విన్న పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ వింత వాళ్లకు తప్పకుండా వినిపించండి."

పెద్దసారు చదివి, "అమ్మయ్య, అంతా మెచ్చుకోలే" అన్నారు. నిట్టూర్పు కూడా లేకుండా పంపేశారు. సేఠు ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించాడని విన్నాను. రెండు రోజులకు ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు పొగిడినవా, తిట్టినవా?"

"మీ ఇంట్ల పెద్దోళ్లనడుగున్రి."

"మా అమ్మకు ఇనిపిచ్చిన. యాకమ్మ లేంది ఓదెలు కథేందిరా, ఉప్పెయ్యని చారు నాకెందుకు పోస్తానవ్ అని ఫోను అవుతల పెట్టింది. బంధువులంత ఫోన్‌లు జేసి నవ్వుతాండ్రు." తనే మళ్లీ అందుకున్నాడు. "నేను గూడ చిన్నప్పుడు ఆమె మాటలకే నవ్వేటోన్ని అక్కా. ఎట్ల మరిచిన?"

విడుదల వాయిదా పడింది. ప్రకటన కూడా వాయిదా పడింది. పెద్దసారు సమీక్షను మళ్లీ మొదటి నుంచి చదివి, కళ్లజోడు తీసి నావైపు చూశారు. "ఇన్నాళ్లూ మీరు మొహం మీదే చెప్పే మనిషి అనుకున్నానండీ. ఇలా కూడా చెబుతారా?" అన్నారు. మెచ్చుకున్నారో లేదో ఇప్పటికీ తెలియదు.

జనగామ స్టూడియో

క్యాసెట్‌ను బాగుచేసింది జనగామలో ఒక మొబైల్ దుకాణం మీది అంతస్తులో స్టూడియో నడిపే సంపత్. పిల్లాపాపలున్న మనిషి, డీజే పాటల్లో చెయ్యి తిరిగినవాడు, శారద కథ ఒక్కటీ చూడనివాడు. గాయకుడు పాడుతుంటే పక్కనుంచి ఎవరో ఆడమనిషి అడ్డం వస్తోందనుకుని, ఎంతో ఓపిగ్గా ఒక్కొక్క మాటా ఏరి తీసేశాడు. పాత టేపు కంప్యూటరులోకి ఎక్కించుకోవడం అయ్యీ కాగానే చుట్టుకుని తెగిపోయింది. మాటలు తీయకముందు ఉన్న ఫైలును అతనే తుడిచేశాడు. వేరే కాపీ కోసం జహంగీర్, నేను ఊళ్లు తిరిగాం. ఒకరింట్లో దొరికింది. వింటే కథ మీద మనవడి బారసాల పాటలు ఎక్కించుకున్నారు.

ఇక మిగిలిన దారి ఒకటే. యాకమ్మ మళ్లీ జవాబులు చెప్పాలి. సమీక్ష రాసే మనిషి రికార్డింగుకు పోకూడదు. అది నేనే పిల్లలకు చెప్పే నియమం. అయినా పోయాను. ఆ ఆల్బమ్ మీద మళ్లీ రాయకూడదని ముందే నిర్ణయించుకున్నాను, రాయలేదు.

సంపత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అవ్వా, తప్పయింది."

"తప్పేంది కొడుకా? ఆయన కాపురమంత జేద్దమని చూసిన పని నువ్వు ఒక్కదినంల జేసినవ్" అంది యాకమ్మ. ఆ మాటకు నవ్వని మనిషి లేడు, సంపత్ తప్ప.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. కథ మొదలైంది. మొదటి ఖాళీ వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. సంపత్ అద్దం వెనక నుంచి చెయ్యి ఊపాడు. రెండో ఖాళీ పోయింది, మూడోది పోయింది. ఇక ఉండలేక లోపలికొచ్చాడు. "అవ్వా, నువ్వు మాట్లాడాలె."

"నాకు ఎర్కలేదా? ఆగు. కథల ఆయనను ఎన్నడు సాంతం మాట్లాడనియ్యలే. జర ఏం చెప్పిండో ఇననియ్యి."

మొత్తం విన్నది. ఒకటి రెండు చోట్ల నవ్వింది. చివర కథ ముగిశాక, అప్పటి టేపు ఇంకా తిరుగుతుండగానే ఓదెలు మామూలు గొంతుతో ఒక మాట అడుగుతాడు. "అలిసినవా యాకమ్మా?" తర్వాత ఖాళీ. ఆ చోట అప్పట్లో తను అన్న మాట మాత్రం ఆమెకు బాగా గుర్తుంది. "నాకేమైంది, నువ్వే రొప్పుతానవ్" అన్నదట. చుట్టూ ఉన్నవాళ్ల ముందు ఓదెలు చిన్నబోయాడట. అది చెబుతూ యాకమ్మ హెడ్‌ఫోన్ తీగను వేళ్లకు చుట్టుకుంది.

"మంచిగనే చెప్పేటోడు" అంది. "ఇగ మొదటి నుంచి పెట్టు."

ఈసారి ఒక్క ఖాళీ వదల్లేదు. వయసుకు గొంతు వణికింది గానీ మాటలోని చురుకు పోలేదు. పాతవి కొన్ని మరిచిపోయి కొత్తవి కల్పించింది. అడవికి పోయిన రాజు జాడ రాణికి తెలియలేదని ఓదెలు అంటే, "ఫోన్ జేస్తే అయిపోవు గద" అంది. సంపత్ కంగారుపడి ఆపబోయాడు. "ఉండనియ్యి" అన్నాను. మరీ నవ్వు తెప్పించే చోట వెంట తెచ్చుకున్న డక్కీ మీద ఒక దెబ్బ కూడా వేసింది.

కథ అయిపోయింది. తంబుర ఆగింది. ఓదెలు అడిగాడు. "అలిసినవా యాకమ్మా?"

ఆమె మైకుకు దగ్గరగా వంగింది. చిన్నగా, ఊరికి కాకుండా ఒక్కడికే వినబడేలా అంది.

"ఏం అలిసిపోలే. నువ్వు చెప్పు."

టేపులో ఓదెలు గొంతు అక్కడితో సరి. సంపత్ బటన్ మీద వేలు పెట్టి నావైపు చూశాడు. ఆగమన్నట్టు చెయ్యి చూపించాను. ఆమె ఇంకా వింటోంది.